ఉక్కును కోసే ఉక్కు

స్నానాల గదిలో ఉన్న ప్లాస్టిక్ మగ్గును ఒకసారి తిరగేసి చూడండి. అడుగున సరిగ్గా మధ్యలో వేలికి తగిలే చిన్న బొడిపె ఉంటుంది. కరిగిన ప్లాస్టిక్ అచ్చులోకి దూరిన చోటు అది. పిడి మీద వెంట్రుక మందాన ఒక గీత కనిపిస్తుంది. అచ్చు రెండు సగాలూ కలిసిన చోటు అది. అంటే ఆ మగ్గు పుట్టక ముందే దాని ఆకారాన్ని ఎవరో ఒక ఉక్కు దిమ్మెలో లోపలివైపు నుంచి చెక్కి పెట్టారన్నమాట.

మగ్గు ఒక్కటే కాదు. వంటింట్లో స్టీలు గ్లాసు, స్కూటరు ఇంజిను మీది అల్యూమినియం కవరు, కిటికీ గడియ, జేబులోని రూపాయి బిళ్ల... అన్నీ ఏదో ఒక అచ్చులోంచో, డై కిందనుంచో వచ్చినవే. ఆ అచ్చుల్నీ డైల్నీ చేసేందుకు వాడే ఉక్కే టూల్ స్టీల్. మనం దాన్ని కొనం, చూడం, పేరు కూడా వినం. కానీ అది లేనిదే మన ఇంట్లోకి ఒక్క మూతైనా రాదు.

వజ్రాన్ని వజ్రంతోనే కోయాలంటారు. ఉక్కు సంగతీ అంతే. కాకపోతే కోసే ఉక్కు వేరు, కోయించుకునే ఉక్కు వేరు. ఆ తేడా ఎంత ఖరీదైనదో హైదరాబాద్ బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో కూర్చుని విన్నాను.

ఒక్క ముక్క, ఇరవై రోజులు

ఆ షాపు యజమాని అరవై దాటిన పెద్దాయన. లేత్ మిషన్ మీద హెల్పరుగా మొదలుపెట్టి, సొంతంగా డైలు చేసే స్థాయికి వచ్చారు. బల్ల సొరుగులోంచి ఒక ఉక్కు పలక తీసి నా ముందు పెట్టారు. అరచేయంత ఉంది. నున్నగా, అద్దంలా మెరుస్తోంది. మధ్యలో చక్కగా కోసిన కంత. ఆ కంత మూలనుంచి పలక అంచుదాకా ఒక పగులు.

‘‘గ్యాస్ పొయ్యి కింద బిగించే రేకు బ్రాకెట్టు డై ఇది. ఇరవై రోజుల పని బాబూ. చివరి రోజు పోయింది’’ అన్నారు.

ఏం జరిగిందంటే... షాపులో రెండు రకాల ఉక్కు కడ్డీలు ఉన్నాయి. ఏ రకమో తెలియడానికి కడ్డీ చివర రంగు వేసి ఉంటుంది. కొత్తగా చేరిన కుర్రాడు తెలియక రంగున్న వైపు నుంచే ముక్క కోశాడు. మిగిలిన కడ్డీకి ఆనవాలు లేకుండా పోయింది. నల్లటి పొట్టుతో రెండూ ఒకేలా ఉంటాయి. కొన్ని నెలల తర్వాత ఈ డైకి ఆ కడ్డీలోంచే ముక్క తీశారు. కావలసింది ఎక్కువ కార్బన్, ఎక్కువ క్రోమియం ఉన్న ఉక్కు. వర్క్‌షాపుల్లో దాన్ని హెచ్‌సీహెచ్‌సీఆర్ అంటారు. వచ్చింది ఓహెచ్‌ఎన్‌ఎస్. అంటే నూనెలో గట్టిపడే రకం.

చెక్కేటప్పుడు తేడా పట్టించుకోలేదు. కొలతలు కుదిరాయి. గట్టిపరచడానికి హీట్ ట్రీట్‌మెంట్‌కు పంపారు. చలానాలో రాసిన పేరు చూసి అక్కడివాళ్లు ఆ పేరుకు తగిన వేడే పెట్టారు. ఓహెచ్‌ఎన్‌ఎస్‌ను 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాచి నూనెలో ముంచాలి. దీన్ని 950 దాటించి ముంచారు. మర్నాడు గుడ్డలో చుట్టి తెచ్చిన పలకను విప్పితే పగులు.

‘కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు’ అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఉక్కు ముక్క ధర పెద్ద లెక్కలోది కాదు. దాని మీద పోసిన పని పెద్దది. పైగా అడ్వాన్సు తీసుకున్న ఆర్డరు. అవతలివాళ్ల ప్రెస్సు ఖాళీగా నిలబడింది. మళ్లీ ఉక్కు కొని, మళ్లీ చెక్కి ఇచ్చేసరికి ఆ కస్టమరు మరొకరి దగ్గరకు వెళ్లిపోయారట. ‘‘కుర్రాణ్ని ఏమన్నా అన్నారా’’ అని అడిగాను. ‘‘వాడికి చెప్పకపోవడం నా తప్పు కదా’’ అన్నారు.

అప్పడమా, చపాతీయా

ఇక్కడ ఒక చిక్కు అర్థం చేసుకోవాలి. మనం మామూలుగా ‘గట్టిగా ఉంది’ అనే మాటలో రెండు వేర్వేరు గుణాలు కలిసిపోయి ఉంటాయి. గీత పడకుండా, అరగకుండా ఉండటం ఒకటి. దెబ్బ తగిలితే విరగకుండా ఉండటం మరొకటి. వేయించిన అప్పడం మొదటి రకం. వంచితే పుటుక్కుమంటుంది. చపాతీ రెండో రకం. ఎంత మడిచినా విరగదు, కానీ దాని మీద గోరు గుచ్చితే దిగిపోతుంది. ఉక్కులో ఒకటి పెంచుతుంటే రెండోది తగ్గుతూ వస్తుంది. టూల్ స్టీళ్లలో ఇన్ని రకాలు ఉండటానికి మూలకారణం ఇదే. రెండూ పూర్తిగా ఉన్న ఉక్కును ఇంతవరకూ ఎవరూ చేయలేదు. ఏ పనికి ఎంత అప్పడం, ఎంత చపాతీ అన్నది తేల్చుకోవడమే ఈ విద్య.

గట్టిపరచడం అంటే లోపల జరిగేది ఏమిటి? ఇనుము బాగా కాలినప్పుడు దాని అణువుల అమరిక మారుతుంది. అప్పుడు కార్బన్‌కు లోపల చోటు దొరుకుతుంది. మెల్లగా చల్లారితే ఆ కార్బన్ నింపాదిగా బయటికి సర్దుకుంటుంది, ఉక్కు మెత్తగానే ఉంటుంది. ఒక్కసారిగా చల్లబరిస్తే? ప్రయాణికులు దిగేలోపే బస్సు తలుపులు మూసేసినట్టు, కార్బన్ లోపలే ఇరుక్కుపోతుంది. ఆ బిగుతే గట్టిదనం. లోహశాస్త్రంలో ఆ స్థితిని మార్టెన్‌సైట్ అంటారు. బిగుతు ఎక్కువైతే పగులుతుంది. అందుకే ముంచిన తర్వాత మళ్లీ తక్కువ వేడి మీద కొంతసేపు ఉంచి, ఆ బిగువును కాస్త సడలిస్తారు. దాన్ని టెంపరింగ్ అంటారు. మన కమ్మరి కొడవలిని నీళ్లలో ముంచి తీసి, అంచు మీద రంగు మారేదాకా చూసేది కూడా ఇందుకే.

పెద్దాయన పలక పగిలింది కంత మూలనుంచే అన్నది గమనించండి. పదునైన మూల ఉన్నచోటే బిగువంతా పోగవుతుంది. అందుకే డై గీసేవాళ్లు వీలైన ప్రతిచోటా మూలను కాస్త గుండ్రంగా ఉంచుతారు.

అక్షరం చెప్పే సంగతి

టూల్ స్టీళ్ల పేర్లు చూస్తే కారు నంబర్లలా ఉంటాయి. డబ్ల్యూ1, ఓ1, డి2, హెచ్13, పి20, ఎం2... భయపడనక్కర్లేదు. ఇది అమెరికాలో పెట్టిన పద్ధతి. ముందున్న అక్షరమే సగం కథ చెబుతుంది. డబ్ల్యూ అంటే నీళ్లలో గట్టిపడేది. ఇందులో కార్బన్ తప్ప చెప్పుకోదగ్గ కలుపు ఉండదు. ఆకురాయి, చిన్న ఉలి వంటివాటికి చాలు. చవక. కానీ నీళ్లు మరీ జోరుగా చల్లబరుస్తాయి కాబట్టి వంకర్లు పోతుంది, పగలడమూ ఎక్కువే.

ఆ బెడద తగ్గించడానికి కొంచెం మాంగనీస్, క్రోమియం, టంగ్‌స్టన్ కలిపారు. అప్పుడు నీళ్లంత దూకుడు అక్కర్లేదు, నూనె చాలు. అదే ఓ1. బాలానగర్ భాషలో ఓహెచ్‌ఎన్‌ఎస్. నూనెలో గట్టిపడి, కుదించుకుపోని ఉక్కు అని ఆ అక్షరాల అర్థం. గేజిలు, చిన్న పంచ్‌లు, కొద్ది సంఖ్యలో ముక్కలు కోసే డైలు దీంతోనే చేస్తారు.

లక్షల ముక్కలు కోయాలంటే డి కుటుంబం దగ్గరికి పోవాలి. ఇందులో క్రోమియం 12 శాతం దాకా ఉంటుంది. కార్బన్ డి2లో ఒకటిన్నర శాతం, దాని అన్న డి3లో రెండు శాతం పైన. ఈ కార్బనూ క్రోమియమూ కలిసి ఉక్కు లోపల రాళ్లలాంటి గట్టి రేణువులుగా ఏర్పడతాయి. సిమెంటు గచ్చులో కంకర ఉన్నట్టు. రేకు ఎంత రాసుకున్నా అంచు అరగదు. దెబ్బలకు మాత్రం ఓర్చుకోదు. దెబ్బలు తినే పనికి, అంటే రోడ్డు తవ్వే మిషను ఉలి లాంటివాటికి ఎస్ రకం వాడతారు. అందులో కార్బన్ అర శాతమే. అరుగుతుంది కానీ విరగదు.

నాకు అన్నిటికన్నా జాలి కలిగించింది హెచ్13. వేడిలో పనిచేసే ఉక్కు. స్కూటరు ఇంజిను కవరు పోసే డైలో ఇదే ఉంటుంది. 650 డిగ్రీలకు పైన మరిగే అల్యూమినియం దూసుకొచ్చి దాని ముఖం మీద పడుతుంది. సెకన్లలో గడ్డకడుతుంది. డై తెరుచుకుంటుంది, ముక్క బయటికి వస్తుంది, వెంటనే చల్లటి ద్రవం చిమ్ముతారు. మళ్లీ మూత, మళ్లీ వేడి. షిఫ్టంతా ఇదే. కొన్ని వేలసార్లు ఇలా వేడెక్కి చల్లారాక దాని ముఖం మీద ఎండిన చెరువు నెర్రెల్లా సన్నటి పగుళ్లు పడతాయి. ఆ నెర్రెలు పోసిన ప్రతి ముక్క మీదా ఉబ్బెత్తు గీతలుగా అచ్చుపడతాయి. మీ బండి ఇంజిను కవరు లోపలివైపు ఎప్పుడైనా సాలెగూడులాంటి గీతలు చూస్తే, అది ముసలిదైపోయిన డైలోంచి వచ్చిందని అర్థం. ఈ డైని డి2 అంత గట్టిగా చేయరు. చేస్తే ఆ నెర్రెలు ఇంకా తొందరగా వస్తాయి. ఇక్కడ చపాతీ పాలు ఎక్కువ ఉండాలి.

ఇక మన మగ్గు. దాని అచ్చు సాధారణంగా పి20తో చేస్తారు. దీనిలో ఒక సుఖం ఉంది. మిల్లు నుంచే ఒక మాదిరి గట్టిదనంతో వస్తుంది. చెక్కడం పూర్తయ్యాక మళ్లీ కొలిమిలో పెట్టే పని లేదు. బాలానగర్ పెద్దాయనకు జరిగినట్టు చివరి రోజున పగిలిపోయే భయం ఉండదు. పెద్ద బకెట్టు అచ్చు అంటే కొన్ని వందల కిలోల దిమ్మె. దాన్ని మళ్లీ కాచడమంటే ఎవరికైనా గుండె దడే. అయితే అన్ని ప్లాస్టిక్‌లకూ పి20 సరిపోదు. పీవీసీ కరిగేటప్పుడు ఆమ్లపు ఆవిర్లు వదులుతుంది. అవి అచ్చును తినేస్తాయి. అందుకని పీవీసీ పైపు ఫిట్టింగుల అచ్చులకు తుప్పు పట్టని రకం ఉక్కు వాడతారు.

ఎర్రగా కాలినా కోసింది

ఇంట్లో గోడకు కన్నం వేసే డ్రిల్లు మిషను ఉంటే, ఇనుముకు వాడే బిట్లు చూడండి. కాడ మీద హెచ్‌ఎస్‌ఎస్ అని ఉంటుంది. హై స్పీడ్ స్టీల్. అంటే వేగంగా కోసే ఉక్కు. ఈ పేరు వెనక ఒక చక్కని కథ ఉంది.

పందొమ్మిదో శతాబ్దం దాకా ఉక్కును కోయడానికి ఉత్త కార్బన్ ఉక్కే దిక్కు. లేత్ వేగం పెంచితే రాపిడికి కొన వేడెక్కుతుంది. 250 డిగ్రీలు దాటిందా, గట్టిదనం పోతుంది, కొన మెత్తబడి మొద్దుబారుతుంది. 1868లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ మషెట్ అనే ఆయన టంగ్‌స్టన్ కలిపిన ఉక్కు చేశాడు. అది గాలికే గట్టిపడింది, అప్పటిదాకా ఉన్నవాటికన్నా బాగా కోసింది. తర్వాత అమెరికాలో బెత్లెహేమ్ ఉక్కు కంపెనీలో ఫ్రెడరిక్ టేలర్, మాన్సెల్ వైట్ అనే ఇద్దరు 1898 నుంచి ఇలాంటి ఉక్కు మీద ప్రయోగాలు చేశారు. ఉక్కును మరీ కాలిస్తే పాడైపోతుందని అప్పటిదాకా ప్రతి కమ్మరీ నమ్మిన మాట. వీళ్లు ఆ గీత దాటి, కరిగిపోయే వేడికి కొంచెం ఇవతలిదాకా తీసుకెళ్లారు. పాడవలేదు సరికదా, కొన మందంగా ఎర్రబారినా కోస్తూనే ఉంది.

1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో లేత్ మీద దీన్ని ఆడించి చూపించారు. కొనకు ఎరుపు, రాలే ఉక్కు పొట్టుకు నీలం. చూసిన ఇంజినీర్లకు తాము ఇళ్ల దగ్గర వదిలొచ్చిన లేత్‌లన్నీ ఒక్కరోజులో పాతబడిపోయినట్టు అనిపించి ఉంటుంది. నిజంగానే ఆ వేగానికి తట్టుకునేలా లేత్‌లను కొత్తగా, బరువుగా కట్టాల్సి వచ్చింది.

ఆ తర్వాత 18 శాతం టంగ్‌స్టన్, 4 శాతం క్రోమియం, 1 శాతం వనేడియంతో 18-4-1 అనే రకం స్థిరపడింది. రెండో ప్రపంచ యుద్ధంలో టంగ్‌స్టన్‌కు కరవొచ్చింది. అమెరికాలో చాలామేరకు మాలిబ్డినం వైపు మళ్లారు. ఇప్పుడు డ్రిల్లు బిట్లలో ఎక్కువగా కనిపించే ఎం2 ఆ బాపతే. ఇందులో టంగ్‌స్టన్ 6, మాలిబ్డినం 5 శాతం. ఈ రోజుల్లో పెద్ద ఫ్యాక్టరీల్లో చాలా కోత పని టంగ్‌స్టన్ కార్బైడ్ బిళ్లలు చేస్తున్న మాట నిజమే. అది ఉక్కు కాదు, వేరే జాతి. అయినా డ్రిల్లు బిట్టు, మరలు తీసే ట్యాపు దగ్గర హెచ్‌ఎస్‌ఎస్ ఇంకా కదల్లేదు.

ఇక్కడే ఇంటికి పనికొచ్చే ముచ్చట ఒకటి. కత్తులకు సాన పట్టేవాళ్లలో కొందరు మోటారు చక్రం మీద ఒత్తి పట్టి నిప్పురవ్వలు ఎగరేస్తారు. అంచు నీలం రంగుకు తిరిగిందంటే అక్కడి గట్టిదనం పోయినట్టే. వారం తిరక్కుండా కత్తిపీట మళ్లీ మొద్దుబారుతుంది. మధ్యమధ్యలో నీళ్లలో ముంచుతూ పట్టమని అడగండి. హెచ్‌ఎస్‌ఎస్ బిట్టుకు అదే నీలం వచ్చినా అంత దిగులు అక్కర్లేదు. అది 550 డిగ్రీల దగ్గర టెంపరింగ్ అయి వచ్చిన ఉక్కు.

దారి నిజామాబాద్ మీదుగా

ఉక్కులో వేరే లోహాలు కలిపి చూడాలన్న ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందని వెనక్కి పోతే, ఒక దారి మన ఊళ్లకే వస్తుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. మట్టి మూసల్లో ఇనుమును కరిగించి, ముద్దలుగా ఉక్కు తీసిన ఊరు. ఇక్కడి ఉక్కు కోసం ఇరాన్ నుంచి వ్యాపారులు వచ్చేవారు. 1820ల్లో ఈ ఊరు చూసిన డాక్టర్ వాయిసీ అనే ఇంగ్లిషాయన ఆ తయారీ తీరును రాసిపెట్టాడు. దక్షిణాదిన పలుచోట్ల తయారైన ఈ మూస ఉక్కునే ఐరోపావాళ్లు ‘వుట్జ్’ అన్నారు. మన ‘ఉక్కు’ మాటే వాళ్ల నోట అలా తిరిగిందని చెబుతారు.

ఆ వుట్జ్ ముద్దలు లండన్ చేరాయి. విద్యుత్తు ప్రయోగాలతో పేరు పొందిన మైకేల్ ఫారడే, ఇంకా పడుచువాడిగా ఉన్నప్పుడు, జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి దాని గుట్టు విప్పాలని కూర్చున్నాడు. ఇంత మంచి ఉక్కులో ఏదో వేరే పదార్థం కలిసి ఉంటుందని వాళ్ల అనుమానం. అసలు సంగతి ఎక్కువ కార్బన్, దాన్ని నింపాదిగా చల్లార్చిన తీరు. వాళ్లకది దొరకలేదు. కానీ వెతుకులాటలో వెండి, ప్లాటినం, రోడియం, క్రోమియం ఒక్కొక్కటే ఉక్కులో కలిపి చూశారు. 1820, 1822ల్లో ఫలితాలు అచ్చువేశారు. కలుపు ఉక్కుల చరిత్ర రాసేవాళ్లు ఈ పేజీలను తప్పకుండా తిరగేస్తారు. పొరపాటు అనుమానంతో మొదలైనా సరైన తలుపే తట్టారు. కోనసముద్రం కొలిములు మాత్రం చల్లారిపోయాయి.

విచిత్రమేమిటంటే బాలానగర్‌లోనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. 1968లో ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో కేంద్రం పెట్టిన శిక్షణ సంస్థ. పదో తరగతి తర్వాత టూల్, డై, మౌల్డ్ తయారీలో డిప్లొమా చదవచ్చు. ఇంజినీరింగు సీట్ల హోరులో ఈ పేరు వినిపించదు. చేత్తో పనిచేయడం ఇష్టమున్న పిల్లలు ఇంట్లో ఉంటే ఒకసారి ఆ గేటుదాకా తీసుకెళ్లి చూపించినా తప్పులేదు.

నిమిషం పని

మళ్లీ పెద్దాయన దగ్గరికి. లేచి వస్తుంటే ఆపి, గ్రైండరు దగ్గరికి తీసుకెళ్లారు. రెండు ముక్కలు తెచ్చి, మొదటిదాన్ని చక్రానికి ఆనించారు. దీపావళి కాకరపువ్వొత్తిలా తెల్లటి రవ్వలు, చివర్న నక్షత్రాల్లా చిట్లుతూ. ‘‘ఇది ఓహెచ్‌ఎన్‌ఎస్.’’ రెండోది ఆనించారు. రవ్వలు కురచగా, పలచగా, నారింజ రంగులో వచ్చాయి. ‘‘ఇది హెచ్‌సీహెచ్‌సీఆర్. చూశారా, చిన్నపిల్లాడైనా చెప్పగలడు. నిమిషం పట్టదు. ఆ రోజు నేను ఆ నిమిషం పెట్టలేదు.’’

ఆయన వెనక గోడకు ఆనించిన కడ్డీలు చూశాను. ఇప్పుడు రంగు ఒక చివరే లేదు. అడుగడుక్కీ ఉక్కు పేరు పంచ్‌తో కొట్టి ఉంది. ఎవరు కొట్టారని అడిగితే లేత్ దగ్గర నిలబడిన ముప్పై ఏళ్ల మనిషిని చూపించారు. అప్పటి కుర్రాడే. ఇప్పుడు ఆ షాపుకు ఫోర్‌మన్.